మూడంగుళాల తల్లీ, నీకు దండం

తల్లీ, బ్రిటన్ కత్తుల చట్టమా! నిన్ను పొగడాలని చాలాకాలంగా మనసులో ఉంది. పొగడ్త అంటే లేనివి కల్పించి చెప్పడం అనుకుంటారు జనం. నాకు ఆ అవసరం లేదు, నీలో ఉన్నవి ఉన్నట్టు చెబితే చాలు. పన్నెండేళ్ళుగా నీ నీడలో బతుకుతున్నాను. కౌన్సిల్ దగ్గర అద్దెకు తీసుకున్న అలాట్‌మెంటు మడిలో బంగాళాదుంపలు, చిక్కుళ్ళు పండించుకుంటాను. మార్చి వచ్చిందంటే ఆపిల్ అంట్లు కడతాను. ఈ పనుల్లో కత్తి లేకుండా గడిచేది ఒక్కటీ లేదు. అందుకే నిన్ను తలచుకోని వారం ఉండదు.

ముందు నీ పుట్టుకకు దండం. నువ్వు ఊరికే పుట్టలేదు. బడి నుంచి ఇంటికి రావలసిన బిడ్డ వీధిలో కత్తిపోటుకు పోతే, ఆ కడుపుకోతతో పార్లమెంటు గుమ్మం దాకా వెళ్ళి నిలదీసిన తల్లులున్నారు. నీలో కొన్ని వాక్యాలు వాళ్ళ కన్నీళ్ళలోంచి వచ్చినవే. వాళ్ళ దుఃఖం ముందు నా తోట ఎంత, నా కత్తి ఎంత! ఈ మాట గుండె మీద చెయ్యి వేసుకుని అంటున్నాను.

ఇక నీ కొలతకు దండం. జనం నలుగురిలో కారణమేదీ చెప్పకుండా జేబులో పెట్టుకోదగిన కత్తి ఏదో 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం 139వ సెక్షన్‌లో తేల్చేశావు. అది మడతపడేదై ఉండాలి. దాని అంచు మూడంగుళాలు, అంటే 7.62 సెంటీమీటర్లు దాటకూడదు. మిగతా ఏ కత్తితో బయట కనబడినా, దానికి సరైన కారణం ఉందని పట్టుబడ్డవాడే రుజువు చేసుకోవాలి. చేసుకోలేకపోతే నాలుగేళ్ళ దాకా జైలు. ‘మడతపడేది’ అన్న మాటను కూడా నువ్వు గాలికి వదల్లేదు. తెరిచాక బిగుసుకుపోయి, మీట నొక్కితేనో రింగు తిప్పితేనో తప్ప మూసుకోని తాళం కత్తి ఆ లెక్కలోకి రాదని 1990లలో హైకోర్టూ, అప్పీలు కోర్టూ చెప్పాయి. అంచు రెండంగుళాలే ఉన్నా సరే, తాళం ఉంటే ఆ మినహాయింపు దొరకదు.

అంటు కట్టడం చూడనివాళ్ళ కోసం ఇక్కడ కాస్త ఆగాలి. వేరు మొక్కనూ అంటు పుల్లనూ ముందు ఏటవాలుగా కోస్తాం. కోత ఒక్క లాగులో అద్దంలా రావాలి. ఆపైన ఆ కోసిన ముఖం మధ్యలో కత్తిని నిలువుగా దించి సన్నటి నాలుక తీస్తాం. రెండు నాలుకలు ఒకదానిలో ఒకటి దూరి కూర్చుంటేనే అంటు పట్టుగా నిలుస్తుంది. ఆ నాలుక తీసేటప్పుడు కత్తి చెక్కలో ఇరుక్కుంటుంది. అటూ ఇటూ కదిపి వెనక్కి లాగాలి. అప్పుడు బలమంతా అంచు మీద కాక కత్తి వీపు మీద పడుతుంది. నాలుగేళ్ళ కిందట ఒక మార్చి ఆదివారం నా చేతిలో ఉన్నది నీకు నచ్చిన కత్తే. మడతపడేది, మూడంగుళాల లోపుది, తాళం లేనిది. చెక్కలోంచి ఊడి రావడం, చూపుడువేలి మీద మూసుకోవడం ఒక్క క్షణంలో జరిగిపోయాయి. అంటుకు చుట్టాలని చింపి పెట్టుకున్న టేపునే వేలికి చుట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. మూడు కుట్లు పడ్డాయి.

ఆ దెబ్బతో తాళం కత్తి కొన్నాను. ఫ్రాన్స్‌లో సవోయ్ కొండసీమలో 1890లో పుట్టిన ఒపినెల్ కత్తికి 1955లో మెడ దగ్గర తిరిగే ఉక్కు రింగు అమర్చారు. తెరిచి రింగు తిప్పితే ఇక వేళ్ళ మీద మూసుకోదు. రైతులూ పుట్టగొడుగులు ఏరుకునేవాళ్ళూ వాడే ఎనిమిదో నంబరు కత్తి అంచు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. నీ లెక్కలో దానికి రెండు దోషాలు: ఒకటి పొడవు, రెండోది నా వేలిని కాపాడే రింగు. తోటవాడు భద్రత చూసినచోట నువ్వు ప్రమాదం చూశావు తల్లీ. అంత నిశితమైన చూపు నీకు తప్ప ఎవరికుంది!

నీ సమదృష్టి మరీ గొప్పది. రొట్టెకు వెన్న రాసుకునే మొద్దు కత్తి కూడా అంచున్న వస్తువేనని 2005లో హైకోర్టు చెప్పింది. పదునుందా లేదా అని నువ్వు పక్షపాతం చూపలేదు. మతిమరుపు దగ్గరా అంతే. మరిచిపోయాను అన్న ఒక్క మాటను నువ్వు కారణంగా ఒప్పుకోవు. ఒకసారి ఆదివారం తోటలో వేసుకున్న కోటునే మంగళవారం ఆఫీసుకు వేసుకెళ్ళాను. బస్సు కార్డు కోసం జేబులో చెయ్యి పెడితే చెక్కపిడి తగిలింది. తోటకు వెళ్ళే దారిలో అదే పిడికి సరైన కారణం ఉంది. రెండు రోజులు గడిచేసరికి అదే నేరం. తర్వాతి స్టాపులో దిగి, చలిలో మైలున్నర నడిచి ఇంటికి వెళ్ళి పెట్టి వచ్చాను. ఆ నడకంతా నీ నామస్మరణే. ఏ గుడిలోనూ నాకు అంత భయం, అంత భక్తి కలగలేదు.

నీ మహిమ స్విట్జర్లాండు దాకా పాకింది. 1891 నుంచి స్విస్ సైనికులకు మడత కత్తి చేస్తున్న విక్టోరినాక్స్ కంపెనీ అధిపతి, దేశదేశాల్లో కత్తుల నిబంధనలు బిగుస్తున్నాయని, అంచు లేని జేబు పనిముట్టు తయారు చేస్తున్నామని 2024లో చెప్పారు.

మరి వంటింటి మీద నీ దయ! ఈ దేశంలో కత్తిపోట్ల హత్యల్లో ఏ రకం కత్తో తెలిసిన వాటిలో అన్నిటికంటే ఎక్కువగా కనబడేది వంటింటి కత్తే. అది ప్రతి ఇంటి సొరుగులోనూ ఉంది. ఉల్లిపాయ తరగకుండా ఏ ఇల్లూ గడవదని గ్రహించి దాన్ని ఉండనిచ్చావు. అది న్యాయమే, నేను కాదనను. ముళ్ళపొద నరకకుండా మడి కూడా గడవదు తల్లీ.

2024 సెప్టెంబరు 24న నువ్వు కొత్త రూపం దాల్చావు. జాంబీ తరహా కత్తులు, మషెటీలు ఇంట్లో ఉన్నా నేరమే అన్నావు. మామూలు అంచు, వాడి మొన, ఎనిమిదంగుళాలు దాటిన పొడవు, వాటితో పాటు రంపపు పళ్ళో ఒకటికి మించిన రంధ్రాలో ఉంటే చాలు. మనుషుల్ని బెదరగొట్టడానికే చేసి అమ్మిన వికృతమైన సరుకు అందులో చాలా ఉంది. అది పోవడమే మంచిది. కానీ నా పక్క మడి తాతగారి దగ్గర కూడా ఒకటి ఉండేది. ముందు అంచుతో లేత కొమ్మ, వీపు మీది పళ్ళతో ముదురు కొమ్మ కోసుకునేవారు. పిడికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉండేది. ఆగస్టు 26 నుంచి నాలుగు వారాలు నువ్వు గడువిచ్చావు. ఆయన మొదటి వారంలోనే దాన్ని శుభ్రంగా తుడిచి, నూనె రాసి, అట్టముక్కలు పెట్టి చుట్టి పోలీసుస్టేషనుకు తీసుకెళ్ళారు. ఇవ్వబోయే కత్తికి నూనె ఎందుకండీ అంటే, పనిముట్టును మురికిగా ఇవ్వకూడదన్నారు. ఒక్కోదానికి పది పౌండ్ల పరిహారం పెట్టావు. మొత్తం క్లెయిము 30 పౌండ్లకు తక్కువైతే ఇవ్వనన్నావు. ఆయన దగ్గర ఉన్నది ఒక్కటే.

నీ మాటను అంత శ్రద్ధగా విన్నది డెబ్బై దాటిన ఆ చెయ్యి. నువ్వు ఎవరి కోసం పుట్టావో వాడు చట్టం చదివి కత్తి కొనడు, కొలబద్ద పెట్టి జేబులో వేసుకోడు. నీ బరువంతా మోస్తున్నది నువ్వు చెప్పకముందే బుద్ధిగా ఉన్నవాడు. ఇంతటి భక్తులున్న చట్టం మరొకటి లేదు.

నిన్ను ఎత్తేయమని అడగను. ఆ తల్లుల ముఖం చూసి అలా అడగలేను. రింగును రింగుగా చూడు. పనిముట్టు పట్టిన మనిషి పేరు నీ పుటల్లో ఇంకాస్త స్పష్టంగా రాయి. మా దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం, ఇంటికీ వ్యవసాయానికీ మాత్రమే చేసిన వస్తువులు ఆయుధాలు కావని నిర్వచనంలోనే చెప్పుకుంది. రైతు ముందు మాట్లాడి, పోలీసు తర్వాత మాట్లాడిన వాక్యం అది. నీలో ఆ వరస తిరగబడింది.

పోయిన మార్చిలో కడియం నుంచి నాన్న వచ్చారు. యాభై ఏళ్ళు నర్సరీల్లో అంట్లు కట్టిన మనిషి. చొక్కా జేబులో కత్తి లేకుండా ఆయన్ను నేను చూడలేదు. మడిలో నా తాళం కత్తి తీసుకుని రింగు రెండుసార్లు తిప్పి చూశారు. బాగుందన్నట్టు తలూపి, ఒక్క పూటలో నాలుగు అంట్లు కట్టారు. పని అయ్యాక నేను దాన్ని తుడిచి షెడ్డులో బిస్కెట్ల డబ్బాలో పెట్టబోతుంటే అడిగారు.

“ఒరే, అక్కడెందుకు పెట్టేస్తున్నావు?”

“బయట జేబులో ఉంటే, ఎందుకుందో నేను చెప్పుకోవాలి నాన్నా. దీనికి తాళం పడుతుంది కదా.”

నా చూపుడువేలి మీది మచ్చ వైపు చూశారు. “తాళం పడితేనే కదరా వేలు మిగిలేది,” అన్నారు.

డబ్బా మూత పెట్టి, షెడ్డుకు తాళం వేసి బయల్దేరాం. గేటు దగ్గరికి వచ్చాక ఆయన చెయ్యి అలవాటుగా చొక్కా జేబు మీదికి వెళ్ళింది. ఖాళీ జేబును రెండుసార్లు తడుముకున్నారు.

“లోపలే ఉందిగా?”

ఉందన్నాను. అయినా వెనక్కి వెళ్ళి షెడ్డు తాళం లాగి చూసి వచ్చారు.