వేలు మాది, తప్పు ట్రిగ్గర్‌ది

డాలస్‌లో మనవాళ్ళు పెరిగేకొద్దీ గుళ్ళు పెరిగాయి, బిర్యానీ హోటళ్ళు పెరిగాయి, ఇప్పుడు తుపాకుల కబుర్లూ పెరిగాయి. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, 21 ఏళ్ళు నిండి చట్టం నిషేధించనివాళ్ళెవరైనా లైసెన్సు లేకుండానే పిస్తోలు నడుముకి తగిలించుకుని తిరగొచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవాడు కొనుక్కోవచ్చు. హెచ్1బీ వీసా మీద ఉన్నవాడికి మాత్రం ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకి నిషిద్ధం, వేట లైసెన్సు ఉంటే తప్ప. అందుకని పుట్టి బుద్ధెరిగాక బొద్దింకని కూడా చంపని మన కోనసీమ కుర్రాడు వేట లైసెన్సు తీసుకుని, జింకలకి ఆగర్భ శత్రువుగా సర్కారీ రికార్డులకెక్కుతాడు. జింకలకి ఈ సంగతి తెలియదు, తెలిసినా కంగారు పడక్కర్లేదు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

సరే, కొన్నాడు. గ్లాక్ 19 పిస్తోలు. శనివారం పొద్దున్నే షూటింగ్ రేంజికి వెళ్ళాడు. ఏడు గజాల దూరంలో కాగితం వేలాడదీశాడు. ఏడు గజాలంటే మన పెళ్ళి పందిట్లో వధూవరులకీ రెండో వరస కుర్చీలకీ ఉండేంత దూరం. మ్యాగజైను ఖాళీ చేశాడు. చిల్లులన్నీ నల్లచుక్కకి కింద, ఎడమవైపున పడ్డాయి. ఇంకో మ్యాగజైను, మళ్ళీ అక్కడే. కుడిచేతివాటం వాళ్ళలో కొత్తగా నేర్చుకునేవాడి గుళ్ళు ఎక్కడ పడతాయని ఏ రేంజిలో అడిగినా చూపించే చోటు అదే. కానీ మనవాడికి ఆ క్షణంలోనే జ్ఞానోదయమైంది.

"ట్రిగ్గర్ బాగా బరువుగా ఉందన్నా. మార్చాలి."

ఈ మాటలో అబద్ధమేమీ లేదు, అదే దీని అందం. కంపెనీ నుంచి వచ్చే గ్లాక్ ట్రిగ్గర్ పేలడానికి సుమారు అయిదున్నర పౌన్ల ఒత్తిడి కావాలి, అంటే రెండున్నర కిలోలు. ఖాళీ పిస్తోలు మొత్తం కలిపి 700 గ్రాములు కూడా తూగదు. తన బరువుకి మూడు రెట్లు మించిన ఒత్తిడి పెట్టి, అది వెంట్రుకవాసి కదలకుండా చూడమంటే ఎవరికైనా కష్టమే. పిస్తోలు కాల్చడం నేర్చుకోవడమంటే, ఆ ఒక్క వేలుని మిగతా చేతితో సంబంధం లేనట్టు వెనక్కి లాగడం నేర్చుకోవడమే. తక్కినవన్నీ దీని తర్వాతే. మనవాడు అసలు సమస్యని అచ్చంగా పట్టుకున్నాడు. దాన్ని పరిష్కరించే పని మాత్రం కొరియర్ వాడికి అప్పజెప్పాడు.

కొరియర్ వాడు తెచ్చే సరుకు తక్కువదేం కాదు. మూడున్నర పౌన్లని చెప్పే కనెక్టరు, మెత్తని స్ప్రింగు, ముందువైపు చదునుగా ఎర్రరంగు వేసిన అల్యూమినియం ట్రిగ్గరు. అన్నీ కలిపి సులువుగా 200 డాలర్లు. అమ్మేవాళ్ళ వర్ణన వింటే ప్రబంధ కవులు సిగ్గుపడతారు: గాజు కడ్డీ పుటుక్కున విరిగినట్టు పేలుతుందట. కొనేవాళ్ళలో జన్మలో గాజు కడ్డీ విరిచినవాడు ఒక్కడైనా ఉన్నాడో లేదో.

పాత ఆటగాళ్ళకి తెలిసిన పరీక్ష ఒకటుంది. మనవాడు 'అన్నా' అని పిలిచిన పెద్దమనిషి, పోటీల్లో కాల్చే అలవాటున్నవాడు, మ్యాగజైను తీసుకుని మనవాడు చూడకుండా నింపాడు. మధ్యలో ఎక్కడో పేలని డమ్మీ గుండు ఒకటి దూర్చాడు. కుర్రాడు గురి చూశాడు. ఢాం. ఢాం. మూడోసారి క్లిక్కుమని ఊరుకుంది. పేలుడు లేదు, వెనక్కి తన్నడం లేదు, నెపం వెయ్యడానికి ఏమీ మిగల్లేదు. అయినా పిస్తోలు మూతి రెండంగుళాలు కిందికి దిగి, ఎడమవైపుకి వంగి నమస్కారం పెట్టింది. మణికట్టు బిగుసుకుంది, కళ్ళు గట్టిగా మూసుకున్నాయి. పేలబోతుందన్న భయంతో చెయ్యి ముందే కిందికి నొక్కేసింది. గుండు కాగితం మీద ఎక్కడ పడాలో, అది గొట్టం దాటకముందే తేలిపోయింది.

"చూశావా తమ్ముడూ?"

"చూశానన్నా. ట్రిగ్గర్ తిరిగి ముందుకొచ్చే రీసెట్ కూడా పొడుగ్గానే ఉంది."

ఆడలేనమ్మ మద్దెల ఓడందని మనవాళ్ళు శతాబ్దాలుగా ఎగతాళి చేస్తున్నారు. పాపం ఆవిడ ఆ మాట ఒకసారి అని ఊరుకుంది. మద్దెలకి 200 డాలర్లు పెట్టి కొత్త తోలు బిగించి, ఆ బిగింపుని వీడియో తీసి, కింద 'గేమ్ ఛేంజర్' అని రాయలేదు.

నిజానికి తేలిక ట్రిగ్గర్ పెట్టాక మొదటి రెండు వారాలు చిల్లులు దగ్గరగా పడటం మామూలే. పేలుడు ఎప్పుడొస్తుందో చేతికి ఇంకా తెలియదు కాబట్టి, ముందే జంకడానికి దానికి సమయం చిక్కదు. ఈ హనీమూన్‌లోనే 'అయిదు నక్షత్రాలు' పడతాయి. ఆ తర్వాత ఒళ్ళు కొత్త బరువుని కనిపెడుతుంది, భయం కొత్త చోట కాపురం పెడుతుంది, చిల్లులు మళ్ళీ కిందికి, ఎడమకి బయలుదేరతాయి. నక్షత్రాలు వెనక్కి తీసుకున్నవాణ్ణి నేను చూడలేదు.

ట్రిగ్గర్ ఎంత తేలికైతే అంత మంచిదనే వాదానికి ఒలింపిక్సే ఒక ప్రయోగశాల కట్టి ఇచ్చింది. 2016 దాకా ఒలింపిక్స్‌లో ఉన్న 50 మీటర్ల ఫ్రీ పిస్తోలు పోటీలో ట్రిగ్గర్ బరువుకి కింది హద్దే ఉండేది కాదు. కొన్ని గ్రాములకే పేలే ట్రిగ్గర్లు వాడేవారు, ఊదితే పేలుతుందన్నంత నాజూకు. మన కుర్రాడి సిద్ధాంతం ప్రకారం అక్కడ ప్రతివాడికీ 600కి 600 రావాలి. 1980లో మాస్కోలో సోవియట్ షూటర్ అలెగ్జాండర్ మెలెంటియెవ్ 581 కొట్టాడు. పదికి పది వచ్చే వలయం వెడల్పు అయిదు సెంటీమీటర్లు, గుళ్ళు 60. ఆ 581ని దాటడానికి ప్రపంచానికి 34 ఏళ్ళు పట్టింది. 2014లో దక్షిణ కొరియాకి చెందిన జిన్ జోంగ్ ఓ 583 కొట్టాడు. అన్నేళ్ళూ ట్రిగ్గర్లు తేలిగ్గానే ఉన్నాయి, చేతులే దొరకలేదు.

10 మీటర్ల ఎయిర్ పిస్తోలులో అయితే ట్రిగ్గర్ 500 గ్రాములకి తగ్గకూడదు. తనిఖీలో అధికారి పిస్తోలు గొట్టాన్ని నిలువుగా పట్టించి, ట్రిగ్గర్‌కి తూకపు రాయి తగిలించి లేపి చూస్తాడు. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం తెచ్చిన పోటీ అదే. ఆ 500 గ్రాముల హద్దు అందులో బంగారు పతకం గెలిచిన మన పలక్‌కీ ఒకటే, ఆఖరి స్థానంలో నిలిచిన అమ్మాయికీ ఒకటే.

పారిస్ ఒలింపిక్స్‌లో జేబులో చెయ్యి పెట్టుకుని రజతం కొట్టిన టర్కీ పెద్దాయన యూసుఫ్ డికెచ్ ఫొటో చూపించి, పరికరాలతో పనే లేదని ఉపన్యసించేవాళ్ళు ఇంకో జాతి. ఆయన చేతిలో ఉన్నదీ పోటీ పిస్తోలే, దాని ట్రిగ్గరూ పోటీ ట్రిగ్గరే. జేబులో పెట్టిన చెయ్యి అందరికీ కనిపించింది, బయట ఉన్న చెయ్యి ఏళ్ళ తరబడి పడ్డ శ్రమే ఫొటోలో పడలేదు.

ఎదుటి పక్షానికి ఒక గట్టి వాదముంది, దాన్ని దాటవెయ్యను. న్యూయార్క్ పోలీసులు పొరపాటున పేలకూడదని గ్లాక్ ట్రిగ్గర్లని ఏకంగా 12 పౌన్లకి బిగించి వాడారు. 2012 ఆగస్టులో ఎంపైర్ స్టేట్ భవనం ముందు ఇద్దరు పోలీసులు ఒక హంతకుడి మీద 16 గుళ్ళు కాల్చారు. దారిన పోయే తొమ్మిదిమంది పోలీసు గుళ్ళకో వాటి ముక్కలకో గాయపడ్డారు. 12 పౌన్లు మూర్ఖత్వమని అప్పుడూ అన్నారు, నేనూ అంటాను. అయితే ఆ డిపార్ట్‌మెంటు లెక్కలు తిరగేసిన ర్యాండ్ సంస్థ నివేదికలో ఇంకో సంగతి ఉంది. ఎదురుకాల్పుల్లో వాళ్ళ గుళ్ళలో గురికి తగిలినవి 18 శాతం. ఎదుటివాడు తిరిగి కాల్చనప్పుడు 30 శాతం. ట్రిగ్గర్ రెండుచోట్లా అదే 12 పౌన్లు. ఇక వాళ్ళు రేంజిలో అర్హత పరీక్షకి నిలబడేది ఏడాదికి రెండుసార్లు. 12 నుంచి అయిదున్నరకి రావాలని న్యూయార్క్ పోలీసు అడిగితే న్యాయం. అయిదున్నర నుంచి మూడున్నరకి పోవాలని ఏడు గజాల దూరంలో కాగితం తప్పినవాడు అడిగితే, అది వేరే జబ్బు.

పైగా గ్లాక్‌కి బొటనవేలితో నొక్కే సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గర్ ప్రయాణం, దాని బరువు, ఆ రెండే పొరపాటుకీ పేలుడుకీ మధ్య ఉన్న ప్రహరీలో పెద్దభాగం. పోటీల్లో వాడే పిస్తోలుకి ఆ గోడ తగ్గించుకోవడం ఒక ఎత్తు, ప్యాంటులో దోపుకునేదానికి తగ్గించుకోవడం ఇంకో ఎత్తు. హోల్‌స్టర్‌లో పెట్టేటప్పుడు చొక్కా అంచు ట్రిగ్గర్‌కి తగులుకుంటే ఆ గుండు ఎటు పోతుందో, ప్యాంటు ముందువైపు దోపుకునే ఫ్యాషన్‌లో ఉన్నవాళ్ళు ఊహించుకోవడం మంచిది. మన కుర్రాడికి అప్పటికి గురి కుదిరే అవకాశముంది.

మరి ఖర్చు లేని దారి లేదా? ఉంది, అందుకే ఎవరికీ నచ్చదు. గుళ్ళన్నీ వేరే గదిలో పెట్టి, పిస్తోలు ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, గోడకేసి గురిపెట్టి ట్రిగ్గర్ లాగాలి. ముందువైపు సైటు మీద చిన్న నాణెం నిలబెట్టి, క్లిక్కుమన్నాక అది పడకుండా చూడాలి. రోజూ పది నిమిషాలు, నెలల తరబడి. డ్రై ఫైర్ అంటారు. దీన్ని పెట్టె విప్పి చూపించలేం, ఫొటో పెడితే లైకు రాదు. పక్కగదిలోంచి ఆవిడ "ఏమిటండీ ఆ టిక్కు టిక్కుమనే చప్పుడు?" అంటే సమాధానం చెప్పుకోవాలి. 200 డాలర్లు ట్రిగ్గర్‌కి కాకుండా తొమ్మిది ఎంఎం గుళ్ళకి పెడితే, రౌండు పావు డాలరు చొప్పున వేసుకున్నా 800 సార్లు తన జంకుని తనే చూసుకోవచ్చు. అసలు ఇబ్బంది అక్కడే వచ్చింది. చూడకుండా ఉండటానికే కదా ఆ 200 డాలర్లు.

మనవాడు ట్రిగ్గర్ మార్చాడు. ఇప్పుడు కింద ఎడమవైపు పడే చిల్లులు గాజు కడ్డీ విరిగినంత స్వచ్ఛంగా పడుతున్నాయి. లోపం ట్రిగ్గర్‌లో లేదని తేలిపోయింది కాబట్టి, సైట్లే బాగాలేవని నిర్ధారించి, మూడొందలు పోసి రెడ్ డాట్ సైటు బిగించాడు. ఆ ఎర్రచుక్క కాగితం మీద ఎక్కడ నిలుస్తోందో, ట్రిగ్గర్ లాగేటప్పుడు ఎంత దిగుతోందో దాపరికం లేకుండా చూపించింది. రెండో శనివారమే దాన్ని వెనక్కి పంపించేశాడు. రిటర్న్ ఫారంలో కారణం: "చుక్క వణుకుతోంది."