రౌండు ఫిగరు

మా ఇంటి ఖర్చుల నోటుబుక్కు మా ఆవిడ చేతిలో ఉంటుంది. పాలు, కూరలు, గ్యాసు, కరెంటు, చదువులు అని స్కేలు పెట్టి గళ్లు గీసుకుంటుంది. ‘చదువులు’ గడిలో మా అబ్బాయి కాలేజీ ఫీజు, అమ్మాయి ట్యూషను ఫీజు తప్ప మూడో పద్దు ఎప్పుడూ కనపడేది కాదు. 2024 నవంబరులో కనపడింది. ‘ఈయన – 2,877’ అని.

డిగ్రీ అయిన ముప్ఫై ఏళ్లకు నేను చదివిన ఆ చదువేమిటో చెప్పేస్తాను. చెబితే పరువు పోతుంది కదా అంటారేమో. మా ఇంట్లో అది పోయి చాలా కాలమైంది.

నేను చిల్లర ఇవ్వని మనిషిని. తెనాలి మార్కెట్లో కూరలామె నూట పన్నెండు అంటే నా చేతిలోంచి వందే వస్తుంది. కిరాణా కొట్టాయన పదమూడు వందల నలభై అని బిల్లు వేస్తే ‘రౌండు ఫిగరు చేసెయ్యండి’ అంటాను. ఆయన నలభై కొట్టేస్తాడు. ఆటోవాళ్లు, టైలర్లు, ఆఖరికి మా అమ్మాయికి చెవులు కుట్టిన కంసాలి కూడా నా రౌండు ఫిగరు దెబ్బ తిన్నవాళ్లే. ఇది మా నాన్న దగ్గర నేర్చిన విద్య. ఆయన ఇంకో మెట్టు పైనుండేవారు. కొట్టు ఖాతా ఎప్పుడూ పూర్తిగా తీర్చకూడదనేవారు. ‘పదో పరకో ఉంచాలిరా, అప్పుడే వాడు మనల్ని గుర్తు పెట్టుకుంటాడు’ అని. కొట్టాయన నిజంగానే గుర్తు పెట్టుకునేవాడు. మా నాన్న ఆ వీధిలో కనపడగానే పద్దుల పుస్తకం తీసేవాడు.

ఇలాంటివాడి చేతికి ఒక బ్యాంకు క్రెడిట్ కార్డు ఇచ్చింది. ఇచ్చిన రోజు నాకు ఆ బ్యాంకు మీద జాలేసింది కూడా. పాపం, వీళ్లకు నేనెవరో తెలీదు అనుకున్నాను.

కార్డు నియమాలు భగవద్గీతలా పారాయణం చేశాను. నాకు పనికొచ్చే శ్లోకం ఒక్కటే దొరికింది. నా బిల్లు ప్రతినెలా 12న తయారవుతుంది, కట్టడానికి ఆపైన 20 రోజుల గడువు. అంటే 13న కొన్న వస్తువుకు దాదాపు యాభై రోజులు వడ్డీ లేదు. యాభై రోజులు ఊళ్లోవాళ్ల డబ్బు మన దగ్గర! అప్పట్నుంచీ మా ఇంట్లో 13వ తేదీ పండగైపోయింది. 5న టూత్‌పేస్టు అయిపోతే ట్యూబును కత్తెరతో కోసి 13 దాకా లాగించాం. అబ్బాయి చెప్పులు 8న తెగితే పిన్నీసు ఇచ్చాను.

ఆ ఏడు సెప్టెంబరు 9న మా ఫ్రిజ్ కన్నుమూసింది. వినాయక చవితి అయి రెండ్రోజులే, ఇంకా లోపల ఉండ్రాళ్లు ఉన్నాయి. మెకానిక్ వచ్చి కంప్రెసరు పోయిందని చెప్పి, కూలి ఎంతో చెప్పకముందే నేను రౌండు ఫిగరు చేసి ఇచ్చిన డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. కొత్తది కొనాలి. మా ఆవిడ ఆ సాయంత్రమే కొందామంది. నేను వేళ్లమీద లెక్కపెట్టి 13 దాకా ఆగమన్నాను. నాలుగు రోజులు. రెండు రోజులు పాలు విరిగాయి, మూడోనాటి పెరుగును మా అమ్మాయి వాసన చూసి పక్కకు జరిపింది, ఇడ్లీపిండి పొంగి గిన్నె దిగి గట్టుమీద షికారు చేసింది. నేను మాత్రం చలించలేదు. 13 శుక్రవారం ఉదయం షాపు షట్టరు తీసేవేళకు మెట్లమీద ఉన్నాను. 32,000 కార్డు మీద గీకించాను. అక్టోబరు 3న దసరా బట్టలు 11,400. 9న పండగ సరుకులు, చిన్నాచితకా కలిపి 5,240. బిల్లు 48,640. గడువు నవంబరు 1.

మధ్యలో ఒక రాత్రి నిద్రపట్టక నా లాభం లెక్కేసుకున్నాను. ఆ డబ్బు అన్నాళ్లు సేవింగ్స్ ఖాతాలో ఉన్నందుకు ఏడాదికి 3 శాతం చొప్పున 166 రూపాయలు. పైగా నూటయాభైకి ఒక రివార్డు పాయింటు, పాయింటుకు పావలా. 81 రూపాయలు. మొత్తం 247! మా ఆవిడను లేపి చెప్పాను. ‘విరిగిన పాలు తీసేశారా?’ అని అటు తిరిగి పడుకుంది.

నవంబరు 1 వచ్చింది. దీపావళి ముందురోజే అయింది, జీతం అయిదో తేదీ దాకా పడదు. ఖాతాలో 48,310 ఉంది. ఇంకో 330 కావాలి. అవి మా ఆవిడ పోపులపెట్టెలో ఉంటాయని నాకు తెలుసు. వెళ్లి అడగొచ్చు. కానీ యాభై రోజులు ఊళ్లోవాళ్ల డబ్బు వాడుకుంటున్నానని గొప్పలు పోయిన నోటితో, గడువు రోజున వంటింటి గుమ్మంలో నిలబడి మూడువందల ముప్ఫై ఇవ్వమని ఎలా అడగను?

బిల్లులో ‘కనీసం కట్టాల్సింది 2,432’ అని కూడా ఉంది. దాన్ని చూసి ముఖం చిట్లించాను. నూటికి అయిదు చొప్పున కట్టి మిగతాది దొర్లించుకునే బాపతు కాదు నేను. మినిమం మాత్రమే కడుతూపోతే అప్పు నెలలూ ఏళ్లూ సాగి వడ్డీ మీద వడ్డీ పడుతుందని బిల్లుమీదే హెచ్చరిక వేయాలని రిజర్వు బ్యాంకు 2022లో నియమం పెట్టింది. అది నా బిల్లుమీదా ఉంది. ఎవరికో రాసిన ఉత్తరం మనింటికి వచ్చినట్టు దాన్ని పక్కనపెట్టాను.

ఫోనులో 48,000 అని కొట్టాను. రౌండు ఫిగరు. వేలు దానంతటదే అక్కడ ఆగిపోయింది. మిగిలింది 640. నెలకు మూడున్నర శాతం చొప్పున వేసుకున్నా 22 రూపాయలు. పోనీలే, బ్యాంకువాళ్లూ బతకాలి. పదో పరకో ఉంచితే గుర్తు పెట్టుకుంటారు.

పెట్టుకున్నారు. 12న వచ్చిన బిల్లులో వడ్డీ 2,438 రూపాయల 48 పైసలు, దానిమీద 18 శాతం జీఎస్టీ 438 రూపాయల 93 పైసలు. రౌండు ఫిగరు కాదు, పైసలతో సహా.

కస్టమర్ కేర్‌కు ఫోను చేశాను. ఒకటి నొక్కి, నాలుగు నొక్కి, తొమ్మిది నొక్కి, పన్నెండు నిమిషాలు సన్నాయి విన్నాక ఒక అమ్మాయి వచ్చింది.

“అమ్మా, 48 వేలు కట్టాను. 640 ఆగింది. దానికి రెండువేల నాలుగువందల వడ్డీ ఏమిటమ్మా?”

“640కి ఎనిమిది రూపాయలే సర్.”

“మరి మిగతాది?”

“మీరు గడువులోపు టోటల్ డ్యూ కట్టలేదు కాబట్టి సర్, ఏ వస్తువుకు ఆ వస్తువు కొన్నరోజు నుంచి, మీరు కట్టినరోజు వరకూ పడుతుంది సర్. మొత్తం బిల్లు మీద సర్.”

“కట్టేసిన డబ్బుకు కూడానా?”

“కట్టేవరకూ సర్.”

ఆ అమ్మాయి గొంతులో ఎక్కడా వెటకారం లేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. అక్టోబరు 28న కొన్న బాణసంచా, మిఠాయిలు 6,200కు కూడా కొన్న క్షణం నుంచే వడ్డీ మొదలైందని కూడా చెప్పింది. పూర్తిగా కట్టనివాడికి కొత్త కొనుగోళ్ల మీద కూడా ఉచిత గడువు ఉండదట. నలభై రోజులు అయ్యప్ప దీక్ష చేసి, నలభై ఒకటోనాడు ఉల్లిపాయ పకోడీ తిన్నవాడి పుణ్యం ఏమవుతుందో నా యాభై రోజులూ అదే అయ్యాయి. అన్నింటికంటే పెద్దవాటా ఫ్రిజ్‌ది. ఉపాయంగా 13నే కొన్నాను కదా. కొన్నది ఎంత ముందైతే వడ్డీ అంత ఎక్కువ రోజులు నడిచింది. నాలుగు రోజులు ఆగి, పాలు విరగ్గొట్టుకుని మరీ సంపాదించుకున్న వడ్డీ అది.

“పోనీ రౌండు ఫిగరు చెయ్యమ్మా. రెండువేలు వేసుకో.”

కాసేపు నిశ్శబ్దం. “ఆ ఆప్షను లేదు సర్. కానీ మినిమం కంటే ఎక్కువ కట్టారు కాబట్టి లేటు ఫీజు వేయలేదు సర్. బిల్లును ఈఎమ్‌ఐ కింద మార్చమంటారా సర్?”

దాచి లాభంలేదు. మా ఆవిడకు చెప్పాను. చెప్పే తీరులో కాస్త భక్తి కలిపాను. సాక్షాత్తూ వెంకటేశ్వరస్వామే పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పుచేసి ఇప్పటికీ వడ్డీ కట్టుకుంటున్నాడు కదా, వడ్డికాసులవాడికి తప్పనిది మనకెంత అన్నాను. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండానే అడిగింది. “ఆయనకు హుండీ ఉంది. మీకేముంది?”

మర్నాడు మొత్తం కట్టేశాను, పైసలతో సహా. జన్మలో మొదటిసారి 93 పైసల్లాంటివాటిని చేత్తో కొట్టాను. అయినా డిసెంబరు బిల్లులో ఎనిమిది రూపాయల చిల్లర వడ్డీ మళ్లీ ఉంది. బిల్లు తయారైన రోజుకూ నేను కట్టిన రోజుకూ మధ్య నడిచిన వడ్డీ అట. ఏనుగు వెళ్లింది, తోక ఇరుక్కుంది. ఆ తోకకూ జీఎస్టీ.

ఆ నెలలోనే ఒక పొద్దున పేపరు చూస్తుంటే నా వార్త కనపడింది. క్రెడిట్ కార్డుమీద ఏడాదికి 30 శాతం దాటి వడ్డీ వేయడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లోనే తీర్పు చెప్పిందట. దాన్ని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది. వడ్డీల సంగతి చూసుకోవాల్సింది రిజర్వు బ్యాంకని. నాలాంటివాడి పక్షాన ఒక తీర్పు పుట్టి పదహారేళ్లయిందని, అది పోయిననాడు తెలిసింది నాకు. మా దూరపు బంధువుల్లో కొందరు ఉన్నారనే సంగతి కూడా ఇలాగే తెలుస్తుంటుంది.

ఇక్కడితో ఆగితే బాగుండేది. సంక్రాంతికి అత్తవారింటికి వెళ్లాం.

మా మావగారు రైతు. ధాన్యం అమ్మిన డబ్బును ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పుతారు. రెవెన్యూ స్టాంపు అంటించిన ప్రోనోట్లు, మూడేళ్లు నిండకముందే తిరగరాయించుకునే జాగ్రత్త, అన్నీ ఉన్నాయి. పెళ్లయిన కొత్తలో నేను ఆ అరుగుమీదే కూర్చుని ఆయనకు ఉపన్యాసం ఇచ్చాను. ‘నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం మావయ్యగారూ, పేదవాళ్ల రక్తం తాగడమే’ అని. కొత్త అల్లుణ్ణి కాబట్టి ఆయన ఏమీ అనలేదు. ఇరవై రెండేళ్లుగా ఏమీ అనలేదు. భోగి మంట చల్లారాక మా ఆవిడ అరిసెల పళ్లెంతోపాటు నా సంగతి కూడా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“నూటికి ఎంత పడిందండీ అల్లుడుగారూ?”

“మూడున్నర, మావయ్యగారూ.”

“ఏడాదికా?”

“నెలకు.”

ఆయన కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు. బిల్లుమీద ఇంగ్లీషులో ‘నెలకు 3.5 శాతం’ అని చదువుకున్నన్నాళ్లూ అదేదో షాంపూ సీసామీద రాసిన పాళ్లలా కనపడేది. అదే అంకె ఆయన ముందు మూడున్నర రూపాయల వడ్డీ అనేసరికి నాకే నామోషీగా అనిపించింది. మా ఊళ్లో మూడున్నరకు అప్పు తెచ్చాడంటే ఆ ఇంటికి పిల్లనివ్వరు.

“బారువడ్డీయా, చక్రవడ్డీయా?”

“చక్రవడ్డీయే.”

“ఏం హామీ పెట్టారు? బంగారమా?”

“ఏమీ పెట్టలేదండీ. హామీ అక్కర్లేదు.”

ఉపన్యాసం మొదలవుతుందని తల వంచుకున్నాను. ఆయన మొహంలో మాత్రం కోపం లేదు, ఒక రకమైన గౌరవం వచ్చింది. “నోటు లేకుండా, హామీ లేకుండా, మనిషి ముఖం కూడా చూడకుండా మీకు అంత డబ్బు ఇచ్చాడా? మూడున్నర తక్కువేనండీ. నేనైతే ఇచ్చేవాణ్ణి కాను.”

తిరిగొచ్చాక మా ఆవిడ పక్కన కూర్చుని ఫోనులో ఆటోపే పెట్టించింది. ‘టోటల్ డ్యూ’, ‘మినిమం డ్యూ’ అని రెండు గళ్లు వస్తే నా చెయ్యి పట్టుకుని మొదటిదానిమీద పెట్టింది, అక్షరాభ్యాసంలోలాగా. పోపులపెట్టెలో జీలకర్ర గిన్నె కింద 330 రూపాయలు మడిచి ఉంచింది. కొత్తిమీరకు చిల్లర లేకపోయినా వాటి జోలికి వెళ్లదు. ‘అవి మీవి’ అంటుంది. ఫ్రిజ్ మాత్రం బాగా పనిచేస్తోంది.

ఆ పండగనాడు అరుగుమీద ఇంకో మాట జరిగింది, అది చెప్పడం మరిచాను. అరిసె తుంచుకుంటూ మావగారు చాలాసేపు ఆలోచించారు. తర్వాత గొంతు తగ్గించి, చొక్కా లోజేబులోంచి కవరు సగం బయటికి తీశారు.

“ధాన్యం డబ్బులు వచ్చి ఊరికే పడున్నాయండీ. మీరెలాగూ వాళ్లకు తెలిసినవారైపోయారు. మనం తీసుకెళ్లి వాళ్ల దగ్గర వేస్తే మనకూ అంతే ఇస్తారా?”

“సేవింగ్స్‌లో వేస్తే మూడు ఇస్తారు మావయ్యగారూ.”

“నెలకా?”

“ఏడాదికి.”

ఆయన కవరును మళ్లీ లోపలికి తోసి, గుండీ పెట్టుకున్నారు.