భోజనాల బల్ల స్వాధీనం విషయమై గృహస్థు అర్జీ

వాయవ్య లండన్ శివారులో, బ్యాంకు అప్పు ఇంకా తీరని ఇంట్లో కాపురముంటున్న గృహస్థు మనవి చేసుకొనునది ఏమనగా, నా భోజనాల బల్ల నాకు ఇప్పించవలెను.

ప్రస్తుతం సదరు బల్ల మీద బాండ్, సీజీపీ అభ్యాస పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు, ఒక స్టాప్‌వాచ్ కాపురముంటున్నాయి. మేం సోఫాలో ఒళ్ళో పళ్ళేలు పెట్టుకుని తింటున్నాం. సాంబారు ఒలికితే తప్పు నాది. నన్ను అక్కడికి తరిమిన భిన్నాలను మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనరు.

కారణం మా పెద్దమ్మాయి. ఇయర్ ఫైవ్ చదువుతోంది. పక్క వీధిలోనే ప్రభుత్వ సెకండరీ స్కూలుంది. ఫీజు లేదు, నడిచి వెళ్ళొచ్చు. ఈ రెండు సుగుణాలే దాని కొంప ముంచాయి. ఏటా వేల పౌండ్లు తీసుకునే ప్రైవేటు స్కూలైతేనే చదువట. మన డబ్బు వాళ్ళు పుచ్చుకోవాలన్నా ముందు పిల్ల ఎలెవెన్ ప్లస్ అనే ప్రవేశపరీక్ష గట్టెక్కాలి. తెనాలి నుంచి మా అమ్మ ఫోనులో విని, "పదేళ్ళ పిల్లకి ఎంసెట్టేమిట్రా, వయసు తప్పు చెప్పారేమో కనుక్కో" అంది.

పరీక్షంటే ఇంగ్లీషు, లెక్కలే అనుకున్నాను. మరో రెండున్నాయి. వెర్బల్ రీజనింగ్‌లో రెండు మాటల సందున నక్కిన నాలుగక్షరాల మాటను పట్టుకోవాలి. నాన్ వెర్బల్‌లో మాటలుండవు, బొమ్మలుంటాయి. విప్పి పరిచిన అట్టపెట్టెను మనసులోనే మడిచి, చుక్క పక్కకు ఏ గీత వస్తుందో చెప్పాలి. మనసులో మడవడం మా ఇంట్లో ఎవరికీ రాలేదు. అందుకని ఇంటికొచ్చిన ప్రతి పార్సిలు పెట్టెనూ మా ఆవిడ కత్తిరించి పరుస్తోంది. మొన్న నేను వాపసు పంపాల్సిన బూట్ల పెట్టె కూడా ఘనమైపోయింది.

చాలా స్కూళ్ళు వాడే ఐఎస్ఈబీ ప్రీటెస్టు కంప్యూటర్ మీద రాయాలి. సరిగ్గా చెప్పే కొద్దీ తరవాతి ప్రశ్న కష్టమవుతుంది. అంటే ప్రశ్న సులువుగా తగిలితే పిల్ల సంతోషించకూడదు, అనుమానపడాలి. వెనక్కి వెళ్ళి దిద్దుకోవడం కుదరదు. మార్కుల్ని పిల్ల వయసును బట్టి సర్దుతారు కూడా. ఇక్కడ తరగతి సెప్టెంబరు ఒకటితో మొదలవుతుంది కనక ఆగస్టులో పుట్టినవాళ్ళు అందరికన్నా చిన్నవాళ్ళు, వాళ్ళకి కాస్త కలిసొస్తుంది. మాది సెప్టెంబరు పిల్ల. ఇది తెలిశాక మా అమ్మకి ఆ పరీక్ష మీద ఎక్కడలేని గౌరవం వచ్చింది. "చూశావా, తెల్లవాళ్ళూ పుట్టిన తేదీ చూస్తారు!" పదేళ్ళ కిందటి పురుడు మీద ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన చర్చను ఈ అర్జీలో చేర్చడం లేదు.

వ్యాసరచనకు ఒక ట్యూటరు. "భయమేసింది" అని రాయకూడదట, అరచేతులు చెమర్చినట్టు చూపించాలట. దాంతో పిల్ల ఇంట్లో కూడా ఏదీ చెప్పడం మానేసింది. ఆకలేస్తే ఫ్రిజ్ తలుపుకి నుదురానించి నిట్టూరుస్తుంది. ఏమైందే అంటే, "నాన్నా, చెప్పేస్తే మార్కులు పోతాయి."

ఇంటర్వ్యూలో అభిరుచులు అడుగుతారు. మా పిల్ల అభిరుచి పెరట్లో నత్తలకు పేర్లు పెట్టడం. అది పనికిరాదని ఇంట్లో తీర్మానమైంది. ఖగోళశాస్త్రం పెట్టారు. టెలిస్కోపు కొన్నాను. లండన్ ఆకాశంలో మబ్బు తప్ప ఏమీ కనబడకపోవడం వల్ల ప్రస్తుతానికి ఖగోళం కూడా భోజనాల బల్ల మీదే ఉంది.

అసలు తమాషా ఏమిటంటే, స్కూళ్ళు తమ పుస్తకాల్లో ఒక్క గొంతుతో చెప్పేది, ప్రత్యేక శిక్షణ అక్కర్లేదు, మేం సహజమైన ప్రతిభనే చూస్తాం అని. ఆ సహజత్వం రావడానికి రెండేళ్ళు పడుతోంది. మొన్న ఉగాది సంబరాల్లో పులిహోర పళ్ళేలతో నిలబడ్డ తండ్రులందరం ఒకరికొకరం చెప్పుకున్నాం: "మావాడికి కోచింగేమీ లేదండీ, ఏదో వాడే చూసుకుంటున్నాడు." ఆ మరుసటి శనివారం పొద్దున్న మాక్ టెస్టు హాలు బయట కార్లలో ఆ తండ్రులమే కలుసుకున్నాం. అద్దాలు దించలేదు.

ఇక ఖర్చు సంగతికొస్తే, సెయింట్ పాల్స్ చర్చి డీన్ జాన్ కొలెట్ తండ్రి ఆస్తి ఖర్చుపెట్టి 1509లో లండన్‌లో ఒక స్కూలు పెట్టాడు. 153 మంది పిల్లలకు ఉచితం. బైబిల్లో వలకు చిక్కిన చేపలన్ని. ఏ దేశపు పిల్లలైనా తేడా లేకుండా రావచ్చని నియమం రాశాడు. చేరేటప్పుడు పేరు రాసుకున్నందుకు ఒకే ఒక్కసారి నాలుగు పెన్నీలు. ఆ డబ్బు కూడా బడి ఊడ్చే పేద విద్యార్థికే. ఇప్పుడు చాలా ప్రైవేటు స్కూళ్ళలో పేరు నమోదు చేయించాలంటే వందకు తక్కువ కాకుండా పౌండ్లు పోస్తున్నాం. సీటు రాకపోయినా తిరిగి రావు. అలాంటి స్కూళ్ళు మా ఆవిడ జాబితాలో ఎన్నున్నాయో నేను లెక్కపెట్టను, రక్తపోటుంది. ఆ డబ్బుతో ఎవరు ఏం ఊడుస్తున్నారో తెలియదు గానీ, మా ఖాతా మాత్రం శుభ్రంగా ఉంది. సీటు వస్తే డిపాజిట్. ఆపైన ఫీజు. 2025 జనవరి నుంచి దాని నెత్తిన 20 శాతం వ్యాట్. కనక నా కూతురు నెగ్గితే నేను దివాలా, ఓడితే ఇల్లంతా శోకం. ఈ రెంటిలో దేనికి దేవుడికి మొక్కుకోవాలో తెలియక, ఊరికే దండం పెట్టి వచ్చేస్తున్నాను.

ఫలితాలు ఇయర్ సిక్స్‌లో, ఫిబ్రవరికి గాని రావు. అంతదాకా ఓపిక పడితే బల్ల తిరిగొస్తుందనుకున్నాను. నిన్న ట్యూటరుగారు ఫోన్ చేశారు. ఇయర్ టూ చదువుతున్న మావాడి పేరు ఆయన వెయిటింగ్ లిస్టులో పైకొచ్చిందట. చేర్చుకునే ముందు చిన్న పరీక్ష ఒకటి పెడతారట. దానికి తయారుచేసే ట్యూటరెవరో మా ఆవిడ వాకబు చేస్తోంది.