యాసకి వారసులొచ్చారు

మా శ్రీకాకుళం యాసకి ఎట్టకేలకి మంచిరోజులొచ్చాయి. మొన్నమొన్నటిదాకా సినిమాల్లో అది వంటమనిషికీ, జేబుదొంగకీ, హీరో పక్కన నిలబడి చెంపదెబ్బలు తినేవాడికీ కేటాయించిన భాష. హీరో మాత్రం ఏ ఊళ్లో పుట్టినా కృష్ణా జిల్లా తెలుగే మాట్లాడేవాడు.

పాతికేళ్ల కిందట హైదరాబాదులో ఓ ఇంటర్వ్యూకెళ్లి, ప్రశ్న సరిగ్గా వినపడక "ఏటండీ?" అన్నాను. ముగ్గురూ పడీపడీ నవ్వారు. ఉద్యోగం వేరేవాడికిచ్చారు. అదే 'ఏటి'ని అక్కినేని నాగేశ్వరరావు మనవడు 'తండేల్'లో అంటే, జనం టిక్కెట్లు కొనుక్కుని మరీ ఈలలేశారు.

ఆ మనవడు నాగచైతన్యకి తండ్రి వైపు అక్కినేని, తల్లి వైపు దగ్గుబాటి. రెండు గట్లకీ అవతల కూడా సినిమా పొలమే. అయినా పాపం, 2023 ఆగస్టులో మా జిల్లాలోని కె.మత్స్యలేశం అనే ఊరొచ్చి, మావాళ్ల మధ్య కూర్చుని మాట విన్నాడు, బతుకు చూశాడు. కాదనకూడదు. చిక్కల్లా ఒకటే. వేటకెళ్లేవాడి వేషం నేర్చుకోడానికి ఆయన మా ఒడ్డుకొస్తే, మావాళ్లు వేట చెయ్యడానికి గుజరాత్‌లోని వెరావల్ పోతారు. జిల్లాకి 193 కిలోమీటర్ల తీరముంది. హార్బరనీ జెట్టీ అనీ మాటలు మాత్రం ఎన్నికలెన్నికలకీ ఒడ్డుకి కొట్టుకొస్తుంటాయి.

హీరో కొడుకు హీరో అవుతాడు. గంగపుత్రుడి కొడుకు ఆగస్టు రాగానే అయ్య వెనకాలే వెరావల్ రైలెక్కుతాడు. దీన్నెవరూ నెపోటిజం అనరెందుకో. అలా వెళ్లినవాళ్లే 2018లో పాకిస్తాన్‌కి చిక్కి ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉన్నారు. 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి ఇవతలికొచ్చారు. వాళ్ల కథలో డ్యూయెట్ లేదు. అది 2025 ఫిబ్రవరిలో 'తండేల్' సినిమావాళ్లు కలిపారు.

నటకుటుంబాలకి మేమూ గొడ్డుపోలేదు లెండి. లుకలాం అగ్రహారం అన్నదమ్ములు జె.వి.సోమయాజులు, రమణమూర్తి మా గురజాడ 'కన్యాశుల్కం' ఊరూరా ఆడారు. విజయనగరం వీధుల్లో మాట 1892లోనే నాటకమెక్కింది. పెద్దింటి హీరో నోరెక్కడానికే ఇంత ఆలస్యమైంది. ఇప్పుడు చిరంజీవిగారబ్బాయి కూడా 'పెద్ది' సినిమా కోసం మా యాసే అందుకున్నాడు. ఇలాగైతే మావాళ్లే ట్యూషన్ పెట్టించుకోవాలి.

'తండేల్'కి మా చిన్నాన్నని తీసుకెళ్లాను. పన్నెండు సీజన్లు వెరావల్ బోట్లమీద చేసినవాడు. తుఫాను సీన్లో హాలంతా బిగుసుకుపోతే ఆయన హాయిగా వేరుశెనక్కాయలు ఒలుచుకున్నాడు. బయటికొచ్చాక అడిగాను.

"ఎలాగుంది సిన్నాన్నా?"

"బానే సేసినాడ్రా గుంటడు. ఆడికెంతిచ్చినారేటి?"

"కోట్లలో ఉంటాది."

కాసేపు వేళ్లమీద లెక్కేసుకున్నాడు.

"నెలకా, సీజన్‌కా?"