దయచేసి ప్రొఫార్మా పంపకండి

బడిచదువుల పెద్దలకు,

హైదరాబాదు నాచారం నుంచి ఒక రిటైర్డ్ తెలుగు పంతులు నమస్కరించి రాయునది.

పంతుళ్లకు కొత్త టెక్నాలజీ ఒంటబట్టదని మీరు బెంగపడుతున్నారట. పొద్దున హాజరు ఫోన్లో, మధ్యాహ్నం భోజనాల లెక్క ఫోన్లో, సాయంత్రం మొక్కకు నీళ్లు పోసిన ఫొటో వాట్సాప్ గ్రూపులో. ఇంత రాసే మనిషి బ్లాగరు కాక మరెవరు? కాకపోతే ఆయనకున్న పాఠకులు మీరొక్కరే. మీరూ చదువుతున్నారని నాకు నమ్మకం లేదు.

నా గోల పిల్లల చేత బ్లాగు రాయించడం గురించి. 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీశాట్‌లలో పాఠాలు మొదలైనప్పుడు మా వీధి పిల్లలు టీవీ ముందు బుద్ధిగా కూచున్నారు. తిరిగి ఒక్క ముక్క చెప్పడానికి మాత్రం ఆ పెట్టెలో సందు లేదు. బ్లాగంటే ఆ సందే. మన పాత గోడపత్రికే అనుకోండి. అప్పట్లో వరండాలో నాలుగు రోజులకే చిరిగేది, ఇప్పుడైతే శ్రీకాకుళంలో ఉన్న తాత కూడా చదువుతాడు.

'మా ఊరు' మీద వ్యాసం రాయమంటే గైడులోంచి పచ్చని పొలాలు, సెలయేళ్లు దిగుతాయి. నాచారంలో సెలయేరా! పారిశ్రామికవాడలో షిఫ్టు మారే వేళ గేటు దగ్గర టీ బండి, ఈఎస్ఐ ఆసుపత్రి క్యూ, ఎన్టీ రామారావుగారి సినిమా స్టూడియో, పెద్దచెరువు వాసన: ఇవేవీ ఏ గైడులోనూ లేవు. పంతులు ఒక్కడే చదువుతాడంటే పిల్లవాడు బట్టీపట్టిన ఆవును చెట్టుకు కట్టేసి పదికి ఎనిమిది మార్కులు పట్టుకుపోతాడు. అదే బ్లాగులో చదివి "ఏ గేటురా?" అని పక్క బడి పిల్ల అడిగిందనుకోండి, రెండో వాక్యం వెతుక్కోక తప్పదు.

తెలుగు టైపు కష్టమన్నది పాత సాకు. తెలుగు బ్లాగుల తొలిరోజుల్లోనే వీవెన్ గారు తయారుచేసిన 'లేఖిని'లో ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు పడేది. బ్లాగులన్నీ ఒక్కచోట కనబడేలా 'కూడలి' పెట్టిందీ ఆయనే. ఆ రోజుల్లో తెలుగు బ్లాగు టపాలు రాసింది ఎక్కువగా సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు. తెలుగు చెప్పి జీతం తీసుకున్న నేను సుద్దముక్క వదల్లేదు. ఒప్పుకుంటున్నాను.

ఇక మనవి. బడి బ్లాగుల మీద సర్క్యులర్ వేయకండి. వేస్తే వెనకాలే 'బ్లాగు పురోగతి ప్రొఫార్మా' దిగుతుంది: నెలకెన్ని టపాలు, బాలురెందరు, బాలికలెందరు, రేపు సాయంత్రంలోగా పంపవలెను. వారానికి ఒక పీరియడు, పనిచేసే కంప్యూటరు ఒకటి ఇవ్వండి, చాలు. మొదటి టపా పంతులే రాయాలి, తప్పులతో సహా. పిల్లల పేర్లూ ఫొటోలూ మాత్రం వద్దు. పద్దెనిమిదేళ్ల లోపువాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి డేటా చట్టం చెబుతోంది.

జవాబు అక్కర్లేదు. ఏ బళ్లోనైనా ఒక పిల్ల పెద్దచెరువు మీద నాలుగు వాక్యాలు సొంతంగా రాస్తే లింకు పంపండి. రసీదు నేనిస్తాను.

ఇట్లు,
నాచారం పంతులు