వేలాడే కోడి: నోరెత్తని హాస్యంపై ఒక పరిశీలన

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో మౌనానికి ఎన్నడూ గిరాకీ ఉన్న దాఖలాలు లేవు. మిర్చి యార్డులో టిక్కీ, అంటే ఎండుమిరపకాయలు కుక్కిన గోనెమూట, విప్పింది మొదలు అందులో తాలుకాయలు ఎన్ననే దానిమీద రైతూ వ్యాపారీ సాగించే వాదం గానీ, పత్తి తీతల రోజుల్లో కూలి రేటు మీద చేనిగట్టున నడిచే చర్చ గానీ, దారినపోయేవారు సైతం ఆగి తీర్పు చెప్పగలిగినంత బాహాటంగా జరుగుతాయి. అటువంటి నేలమీద మాట అవసరం లేని హాస్యం ఇంతకాలంగా చెల్లుబాటు కావడం వింతగానే తోచవచ్చు గానీ, పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని, ముఖంలో రవ్వంత భావమైనా బయటపడనీయకుండా ఎడ్లజత ధర తేల్చుకున్న పాతతరాన్ని తలుచుకుంటే ఆ వింత కొంత తగ్గుతుంది. అలా ముఖం బిగించుకునే విద్యనే అమెరికాలో సినీ హాస్యనటుడు బస్టర్ కీటన్ బతుకుతెరువుగా చేసుకున్నాడు. 1928 నాటి ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’లో ఇంటి ముందుగోడ మొత్తం అతని మీదికే కూలుతుంది, కిటికీ ఖాళీ సరిగ్గా అతను నిలబడ్డ చోటికే రావడంతో ప్రాణం దక్కుతుంది, అయినా ఆ ముఖంలో మాత్రం ఏ మార్పూ ఉండదు.

మూకీలు, అంటే తెరమీది మనుషుల గొంతు వినబడని తొలినాటి సినిమాలు, తెలుగునాట ప్రదర్శించిన రోజుల్లో తెరపక్కన నిలబడి కథ విప్పిచెప్పే వ్యాఖ్యాత ఒకడు ఉండేవాడు. తర్వాత ‘గుణసుందరి కథ’ (1949)తో పేరు మోగిన కస్తూరి శివరావు ఆ కొలువు చేసినవాడే. బొమ్మ మాట్లాడకపోతే పక్కన ఒక మనిషైనా మాట్లాడాలన్నది బహుశా తెలుగువారు మూకీ కళకు చేసిన ప్రత్యేక సేవ.

అయితే దృశ్యహాస్యానికి, అంటే చెవిని నమ్ముకోక కంటితోనే పని జరిపించుకునే హాస్యానికి, మౌనం అంత ముఖ్యం కాదు. చేసేవాడు తన పనిని ఎంత నిష్ఠగా చేస్తున్నాడన్నదే ముఖ్యం. ‘ది గోల్డ్ రష్’ (1925)లో మంచు గుడిసెలో ఆకలికి తాళలేని చాప్లిన్ తన బూటును ఉడకబెట్టుకుని, లేసులను ఫోర్కుకు చుట్టుకుని మింగి, మేకులను కోడి ఎముకల్లా చీకుతాడు. చిత్రీకరణ కోసం ఆ బూటును లికొరైస్ అనే తీపి మిఠాయితో చేశారన్నది వేరే సంగతి. ఆ సినిమాలోనే ఆకలికి కళ్ళు బైర్లు కమ్మిన అతని సహచరుడికి చాప్లిన్ మనిషెత్తు కోడిగా కనబడతాడు. 1987లో జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్ళంట’లో పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు కోడిని తాడుకు వేలాడదీసి, దానికేసి చూస్తూ వట్టి అన్నం తింటాడు. చాప్లిన్ తినకూడనిదాన్ని భోజనం చేశాడు. లక్ష్మీపతి తినవలసినదాన్ని దర్శనానికి పరిమితం చేశాడు. ఈ రెండో పద్ధతే శాస్త్రీయంగా మెరుగైనదని ఒప్పుకోక తప్పదు, ఎందుకంటే బూటు ఒక్క పూటతో చెల్లిపోతుంది, కోడి మాత్రం తరుగు లేకుండా రేపటికీ మిగులుతుంది. ఆ సన్నివేశంలో సంభాషణ లేకపోలేదు గానీ, ధ్వని తీసేసి చూసినా లెక్క చెడదు. ముద్దకొక చూపు చొప్పున అతను జరిపే ఆ విధిలో ఎక్కడా వేళాకోళం లేదు, అందుకే చూసేవారికి నవ్వు ఆగదు. ఈ చిత్ర నిర్మాత డి. రామానాయుడు పర్చూరు పక్కనున్న కారంచేడులో పుట్టినవాడు. పురుగుమందు ధరా పత్తి ధరా తెలిసిన సీమలో లక్ష్మీపతిని పూర్తిగా కల్పిత పాత్ర అని నమ్మేవారు తక్కువే కావచ్చు.

తెనాలి చక్రపాణి, నాగిరెడ్డి కలిసి నిర్మించిన ‘మాయాబజార్’ (1957)లో లడ్లు వాటంతట అవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరిపోవడం గానీ, ‘గిల్పం’ అనే మంచం పడుకున్నవాణ్ణి ఎత్తి కుదేయడం గానీ ఈ కోవలోనివే. ఆ సినిమాకు దర్శకుడు కె.వి. రెడ్డి వద్ద సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు ముప్పై ఏళ్ళ తర్వాత, అదే 1987లో, సంభాషణ అన్నదే లేని ‘పుష్పక విమానం’ తీశాడు. సినిమా హాలు పక్క గదిలో నిద్రకు అలవాటుపడిన నిరుద్యోగి పెద్ద హోటల్లోని నిశ్శబ్దానికి కన్ను మూతపడక, ఆ పాత రొదను టేపులో పట్టి తెచ్చి పెట్టుకుంటే తప్ప నిద్రపోలేకపోవడం మాటల్లేని చిత్రం వేయగలిగిన అతి పెద్ద పరాచికం. ఇందులో బాపట్లకు చెందిన పి.ఎల్. నారాయణ బిచ్చగాడు. రంగస్థలం నుంచి వచ్చిన నటుడికి మాట లేని వేషం దొరకడమే ఒక అన్యాయం అనుకుంటే, ఆ బిచ్చగాడు కాసేపటికే చచ్చిపోతాడు కూడా. అతను దాచుకున్న నోట్ల కోసం జనం కలబడుతుంటే శవం సంగతి ఎవరికీ పట్టదు. అయినా గుర్తుండిపోయేది ఆ శవమే.

సత్తెనపల్లి ప్రాంతపు బిడ్డ, అత్తిలి కళాశాలలో తెలుగు బోధించిన బ్రహ్మానందం సంగతి ఇంకా విచిత్రం. లక్ష్మీపతి కొలువులో అరగుండుగా, అంటే సగం గొరిగిన తలతో, తెరమీదికి వచ్చి పేరు తెచ్చుకున్న ఈ నటుడి సినిమాల నుంచి నేటి యువత ఫోన్లలో పంచుకునేది చాలావరకు అతని ముఖం ఒక్కటే: ధ్వని లేదు, సంభాషణ లేదు, రెండు కనుబొమ్మలు, ఒక దవడ. తెలుగు మాష్టారి నుంచి లోకం ఏరుకున్నది ఒక్క అక్షరమైనా లేని భాగాన్ని. మిర్చి ధర పడిపోయిన సాయంత్రానికి ఏ ముఖం పంపాలి, పత్తి తడిసిన ఉదయానికి ఏది తగును అన్న విషయంలో మాత్రం ఏకాభిప్రాయం లేదు. ఆ వాదన యథాప్రకారం గొంతెత్తి జరుగుతుంది.