అడిగినవాడి గొంతు ఏది? - ఒక లక్క రికార్డు ఆత్మకథ

నేను 1916 డిసెంబరు 11న, బెర్లిన్‌కు దక్షిణాన వూన్స్‌డార్ఫ్‌లోని యుద్ధఖైదీల శిబిరంలో పుట్టాను. ఆ రోజు పుట్టింది నిజానికి నా గొంతు మాత్రమే. ఒక సిపాయి రికార్డింగు యంత్రపు గరాటా ముందు నిలబడి మాట్లాడితే మైనం మీద గీత పడింది. ఆ మైనం నుంచి లోహపు అచ్చు తీశారు, ఆ అచ్చుతో నన్ను ఒత్తారు. నా ఒళ్లు లక్క, చెట్ల కొమ్మల మీద పురుగులు కట్టేది. ఆ కాలంలో లోకానికి కావలసిన లక్కలో ఎక్కువ భాగం హిందుస్థాన్ నుంచే వెళ్లేది. నా లోపలి మనిషి కూడా ఆ దేశంవాడే. పేరు మాల్ సింగ్, మాట పంజాబీ. బ్రిటిష్ ఇండియా సైన్యంలో చేరి, ఐరోపా యుద్ధానికి వచ్చి, జర్మన్లకు చిక్కాడు. నాలో ఉన్నది ఒకటిన్నర నిమిషం కూడా నిండని మాట. ఒక మనిషి ఉండేవాడట, హిందుస్థాన్‌లో వెన్న తినేవాడట, యుద్ధానికి వచ్చి పట్టుబడ్డాడట, ఇప్పుడు ఇంటికి పోవాలని ఉందట. ఎవరి గురించో చెబుతున్నట్టే చెప్పుకొచ్చాడు. ‘నేను’ అన్న మాట జోలికే పోలేదు.

ఎందుకు పోలేదో నాకు తెలియదు. ఊళ్లో కథ చెప్పే తీరు అదే కావచ్చు, కాపలాదారుల ముందు తన గోడు తనదిగా చెప్పుకోలేకపోయి ఉండవచ్చు. నా మీద పరిశోధన చేసినవాళ్లు, 2007లో నా చుట్టూ ‘ది హాఫ్‌మూన్ ఫైల్స్’ సినిమా తీసిన ఫిలిప్ షెఫ్నర్ ఎంతో ఆలోచించారు. కానీ తేల్చి చెప్పగలిగేది నా గీతలో లేదు. “ఆ మనిషివి నువ్వేనా?” అని ఎదురుగా ఉన్నవాళ్లు ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడిగారో లేదో కూడా తెలియదు, ఎందుకంటే అడిగేవాళ్ల గొంతు నాలో ఎక్కించలేదు. వాళ్లకు కావలసింది సిపాయి అనుభవం కాదు. 1915లో ఏర్పడిన ప్రష్యా ఫోనోగ్రాఫ్ కమిషన్‌కు కార్ల్ స్టుంఫ్ అధ్యక్షుడు, గ్రామఫోను పని విల్‌హెల్మ్ డోగెన్‌ది. ఖైదీల శిబిరాలు తిరిగి సుమారు 250 భాషలు, మాండలికాల్లో 1,650 దాకా లక్క రికార్డులు చేశారు. ప్రతి ఖైదీకీ ఒక వివరాల కాగితం నింపారు. పుట్టిన ఊరు, వచ్చిన భాషలు, చదువు, మతం అన్నీ రాసి, గొంతు ఎలా ఉందో కూడా రాశారు. చెప్పబోయే మాటను ముందుగా రాయించి, చదివించి చూసి, ఆ తరువాతే గరాటా ముందు నిలబెట్టేవారు. బ్రిటిష్ ఖైదీల చేత బైబిల్లోని తప్పిపోయిన కొడుకు కథ చెప్పించారు. ఇల్లు వదిలిపోయి తిరిగొచ్చిన కొడుకు కథను ఖైదీల నోట పలికించారంటే ఆ పండితులకు ఉచ్చారణ తప్ప ఇంకేమీ వినపడలేదనే నేననుకుంటాను.

అందుకే వందేళ్లు దాటిన ఈ వయసులో నాదొక పట్టుదల. సైనికుడి మాటను దాచడమంటే గొంతును దాచడం ఒక్కటే కాదు, అడిగిన ప్రశ్నను కూడా దాచాలి. రెండూ ఒకే గీతలో పడినప్పుడే అది సాక్ష్యం. ఇందులో స్వార్థం ఉందని మీరు అనవచ్చు. రికార్డు కాక మరెవరు రికార్డు గొప్ప చెప్పుకుంటారు? కానీ నేను చెప్పుకుంటున్నది నా లోటు. నాలో గొంతుంది, ప్రశ్న లేదు.

కాగితం చాలదా అనేవాళ్లున్నారు. నా సిపాయి తోటివాళ్ల కాగితాల సంగతే చూడండి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో భారత సైనికులు ఇంటికి రాసిన ఉత్తరాల్లో మనకు మిగిలినవి చాలావరకు సెన్సారు నివేదికల్లోని ఇంగ్లీషు అనువాద భాగాలే. చదువు రాని సిపాయి చెబితే చదువొచ్చినవాడు రాశాడు. దాన్ని సెన్సారు కార్యాలయంలో ఒకరు చదివి, పనికొచ్చే ముక్క ఏరి, ఇంగ్లీషులోకి మార్చారు. ఇన్ని చేతులు మారిన మాటను సొంత మాట అనడానికి చరిత్రకారులే జంకుతారు. చరిత్రకారుడు డేవిడ్ ఒమిస్సీ 1999లో ఆ భాగాలను పుస్తకంగా తెచ్చినప్పుడు వాటి విలువ అందరికీ తెలిసింది, పరిమితి కూడా తెలిసింది. పోనీ సర్కారు దస్త్రాలు నిలుస్తాయా అంటే, లండన్‌లో 1940 బాంబుదాడిలో మొదటి యుద్ధపు బ్రిటిష్ సైనికుల సర్వీసు కాగితాల్లో సగానికి పైగా కాలిపోయాయి. అమెరికాలో 1973 జూలైలో సెయింట్ లూయిస్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల దాకా సైనికుల ఫైళ్లు బూడిదయ్యాయి. నేను చేయి జారితే పగిలిపోతాను, ఒప్పుకుంటాను. కాగితం కూడా చిరంజీవి కాదు.

నాకు సరిగ్గా ఎదురు ఉదాహరణ ఎస్.ఎల్.ఎ. మార్షల్. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ అమెరికన్ సైనిక చరిత్రకారుడు పోరాటం ముగిసిన దళాలను ఒకచోట కూర్చోబెట్టి, ఎవరు ఏం చేశారో అందరి ముందూ అడిగించే పద్ధతి తెచ్చాడు. పద్ధతి మంచిదే. ఒకరు మరిచిందాన్ని పక్కవాడు సరిదిద్దుతాడు. ఆయన 1947లో వేసిన ‘మెన్ ఎగైనెస్ట్ ఫైర్’ పుస్తకంలో, యుద్ధరంగంలో నూటికి 15 నుంచి 25 మందికి మించి తుపాకి పేల్చరని రాశాడు. సైన్యాల శిక్షణ పద్ధతుల దాకా ఆ లెక్క ప్రభావం పాకింది. 1988లో రోజర్ స్పిల్లర్ అనే చరిత్రకారుడు ఆధారాలు వెతికితే, మిగిలిన నోటుపుస్తకాల్లో అలాంటి లెక్కే కనపడలేదు. మార్షల్ వెంట తిరిగిన సహాయకుడికి ఆయన ఆ ప్రశ్న అడిగిన గుర్తే లేదు. వందల మంది మాట ఒక్క మనిషి మాటగా మారిపోయింది. ఆ సమావేశాలను తీగ మీదో టేపు మీదో ఎక్కించి ఉంటే ఆ లెక్క నిలిచేదో కూలేదో, ఏదో ఒకటి తేలేది. ఇక్కడ ప్రశ్న ఉందన్నారు, గొంతు లేదు.

రెండూ ఉన్నచోటు ఎలా ఉంటుందో చూడాలంటే లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో 1972లో మొదలైన శబ్దభాండాగారాన్ని చూడాలి. అక్కడి టేపుల్లో అడిగేవాళ్లు ఊరూ పేరూ దగ్గర మొదలుపెట్టి, తిండి, బూట్లు, పేలు, భయం దాకా ఓపిగ్గా అడుగుతారు. జవాబు పక్కదారి పడితే మళ్లీ అడుగుతారు. పీటర్ జాక్సన్ 2018లో మొదటి యుద్ధపు సైనికులపై ‘దే షల్ నాట్ గ్రో ఓల్డ్’ సినిమా తీసినప్పుడు వ్యాఖ్యాత అక్కరలేకపోయింది. ఈ మ్యూజియం, బీబీసీ దాచిన పాత సైనికుల గొంతులే సినిమా నడిపించాయి. అయితే ఒక పేచీ. ఆ సినిమాలో ప్రశ్నలు కత్తిరించేశారు, గొంతులన్నీ ఒకే సైనికుడివన్నట్టు సాగిపోతాయి. సినిమాకు అది చెల్లుతుంది. అసలు టేపులు చెక్కుచెదరకుండా ఉన్నాయి గనుక చెల్లుతుంది. అమెరికా కాంగ్రెస్ 2000లో చట్టం చేసి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పెట్టిన వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్టు కూడా కత్తిరించని రికార్డింగే కోరుతుంది, అరగంటకు తగ్గితే తీసుకోదు. అడిగేవాళ్లలో చాలామంది స్వచ్ఛంద కార్యకర్తలు, బడిపిల్లలు, సైనికుల ఇంటివాళ్లు. శిక్షణ లేనివాళ్లు అడిగితే ఏం లాభమని పెదవి విరిచేవాళ్లకు నా జవాబు ఒకటే. పిచ్చి ప్రశ్న కూడా టేపులో ఉంటే, జవాబు ఎందుకలా వచ్చిందో రేపటివాడికి అర్థమవుతుంది.

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ జ్ఞాపకం గురించి. అరవై ఏళ్ల తరువాత చెప్పేది నిజమని నమ్మేదెలా? నమ్మనక్కర లేదు, పోల్చి చూడాలి. ఇటలీలోని టెర్ని పట్టణంలో లుయీజీ ట్రాస్టుల్లీ అనే కార్మికుడు 1949లో పోలీసుల చేతుల్లో చనిపోతే, ఊళ్లో చాలామంది అది 1953లో జరిగిందని చెప్పారు. చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్తెల్లి వాళ్లు తప్పు చెప్పారని వదిలేయలేదు. 1953 నాటి పెద్దఎత్తు ఉద్యోగాల తీసివేతకు ఆ చావును జనం ఎందుకు ముడిపెట్టుకున్నారో అడిగాడు. ఆస్ట్రేలియాలో చరిత్రకారుడు ఆలిస్టర్ థామ్సన్ మొదటి యుద్ధపు సైనికులతో మాట్లాడితే, కొందరి జ్ఞాపకాల్లో ఆ యుద్ధం మీద వచ్చిన ‘గలిపోలి’ సినిమా దృశ్యాలు కలిసిపోయి కనిపించాయి. తేదీకి ముసలి సైనికుడు మంచి సాక్షి కాడు, ఆ మాటకు దస్త్రం చూసుకోవాలి. ఆ తేదీ అతనికి ఏమైందో చెప్పేది మాత్రం అతనే. తప్పు ఎక్కడ దొర్లిందో, ప్రశ్నే దారి చూపించిందో పట్టుకోవాలన్నా ముందు ప్రశ్న వినపడాలి.

మానిన పుండు రేపడం పాపం కాదా అంటారు. నిజమే, అడిగి తీరాలన్న హక్కు ఎవరికీ లేదు. బ్రిటన్‌కు చెందిన మొదటి యుద్ధపు సైనికుడు హ్యారీ ప్యాచ్ నూరేళ్లు వచ్చేదాకా యుద్ధం ఊసెత్తలేదు. 1998లో నోరు విప్పి, 2009లో 111 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ముందే పిండి ఉంటే ఏం వచ్చేదో చెప్పలేం. గోప్యత మాటకొస్తే, ఉత్తర ఐర్లండ్ అనధికార సాయుధ వర్గాల మాజీ సభ్యులు తాము బతికుండగా ఎవరికీ చూపరన్న భరోసాతో బోస్టన్ కాలేజీ మౌఖిక చరిత్ర ప్రాజెక్టుకు చెప్పిన మాటల కోసం 2011లో కోర్టు సమన్లే వచ్చాయి. నిలబెట్టుకోలేని మాట ఇవ్వకూడదు, చట్టం అడ్డుపడితే ఏమవుతుందో ముందే చెప్పి టేపు తిప్పాలి. ఖైదీగా ఉన్నవాణ్ని గరాటా ముందు నిలబెట్టి పుట్టించిన నాకు ఈ విషయంలో నీతులు చెప్పే అర్హత తక్కువే.

అడగవలసినవాళ్లు ఇంకా మిగిలి ఉన్నచోటు కోసం ఇప్పుడు విశాఖపట్నం వైపు చూస్తున్నాను. భారత్-పాకిస్తాన్ యుద్ధంలో, 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఆ తీరానికి దగ్గర్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలే ముంచాయని భారత నౌకాదళం, లోపలి పేలుడో సొంత మందుపాతరో కారణమని పాకిస్తాన్ చెబుతూ వచ్చాయి. ఘాజీకి సంబంధించిన నౌకాదళ పత్రాలు నాశనమయ్యాయని 2010లో పత్రికలు రాశాయి. అప్పుడు ఇరవై ఏళ్ల నావికుడు ఇప్పుడు డెబ్బై దాటాడు. సముద్రంలో తేలిన వస్తువులు తెచ్చిచ్చిన జాలర్ల వయసూ అంతే, లేదా ఇంకా ఎక్కువే. వీళ్లను అడిగితే ఘాజీ ఎలా మునిగిందో తేలిపోతుందని నేను అనను. ఆ రాత్రి రేవులో దీపాలు ఆర్పారా, చప్పుడు ఎప్పుడు వినపడింది, మర్నాడు పైవాళ్లు ఏం మాట్లాడవద్దన్నారు - ఇవి ఏ నివేదికలోనూ దొరకవు. తెలుగువాళ్లను తెలుగులోనే, వాళ్ల యాసలోనే చెప్పనివ్వాలి. అడిగేవాళ్లు తమ పేరు, తేదీ, గదిలో ఇంకెవరున్నారో మొదటే చెప్పి ప్రశ్న బిగ్గరగా అడగాలి. జవాబు రాకపోతే టేపు ఆపకుండా కాసేపు ఆగి, అదే ప్రశ్న ఇంకోలా అడగాలి.